శాట్ స్కోరు పంపాలా, వద్దా? కాలేజీ వారీగా తేల్చుకోవడం ఎలా

ఆదివారం సాయంత్రాలు మా ఇంటికి వచ్చే ఇంటర్ పిల్లల్లో చాలామంది ఒకే ప్రశ్నతో వస్తారు. "సార్, శాట్‌లో 1380 వచ్చింది. పంపమంటారా, వద్దంటారా?" శాట్ అంటే అమెరికా కాలేజీల్లో డిగ్రీ ప్రవేశానికి రాసే పరీక్ష, మొత్తం 1600కి స్కోరు ఇస్తారు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషిని. అమెరికా దరఖాస్తుల సంగతి మా అమ్మాయి కోసం నేర్చుకున్నాను. ఆ తర్వాత కాలనీ మొత్తానికీ చెప్పే పని నెత్తిన పడింది. పిల్లల ప్రశ్నకు నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "ఏ కాలేజీకి?" ఒక కాలేజీలో ఆ 1380 మీకు సాక్ష్యం చెబుతుంది, ఇంకో చోట మీ మీదే చాడీ చెబుతుంది, మరో చోట దాన్ని గుమ్మం దగ్గరే ఆపేస్తారు. కాలేజీ పేరు తెలియకుండా స్కోరు మంచిచెడ్డలు తేలవు.

హైదరాబాద్‌లో చదువుతూ అమెరికాలో డిగ్రీకి దరఖాస్తు చేసే మీ కోసం, నేను పిల్లలతో కూర్చుని చేయించే పద్ధతి ఇది.

మొదట కాగితం గీయండి

ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టి ఆరు నిలువు గడులు గీయండి. కాలేజీ పేరు, అక్కడ శాట్ నిబంధన, అక్కడ చేరినవారి స్కోర్లు, ఇంగ్లీషు పరీక్ష, స్కాలర్‌షిప్ షరతు, చివరగా మన నిర్ణయం. కంప్యూటర్‌లో చేసుకున్నా తప్పు లేదు గానీ, ఇంట్లో నలుగురూ కూర్చుని వాదించుకునే విషయానికి కాగితమే బాగుంటుంది. పెన్సిల్‌తోనే రాయండి. చివరి గడిని కనీసం రెండుసార్లు చెరుపుతారు.

పది కాలేజీలు ఉంటే పది నిర్ణయాలు తీసుకోవాలి. "అన్నిటికీ పంపేద్దాం" అన్నా, "ఎందుకొచ్చిన గొడవ, ఎక్కడికీ వద్దు" అన్నా అది బద్ధకమే.

కాలేజీ ఏ కోవకు చెందుతుందో చూడండి

2020లో కోవిడ్ వల్ల పరీక్షా కేంద్రాలు మూతపడ్డాయి. అప్పుడు అమెరికా కాలేజీల్లో చాలా భాగం శాట్, దానికి ప్రత్యామ్నాయమైన ఏసీటీ స్కోర్లను ఐచ్ఛికం చేశాయి, అంటే ఇష్టమైతేనే పంపవచ్చు. ఆ తర్వాత దారులు చీలిపోయాయి.

ఎంఐటీ 2022లోనే స్కోరు మళ్లీ తప్పనిసరి అని ప్రకటించింది. 2024లో డార్ట్‌మత్, యేల్, బ్రౌన్, హార్వర్డ్, కాల్‌టెక్, కార్నెల్, స్టాన్‌ఫర్డ్ ఒకదాని వెనుక ఒకటి పరీక్షలు మళ్లీ అడుగుతామన్నాయి. మన ఎంపీసీ పిల్లలకు ఇష్టమైన జార్జియా టెక్, పర్‌డ్యూ, ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం కూడా ఈ వరుసలోనివే. వీటి దగ్గర పంపాలా వద్దా అనే చర్చే లేదు. ఏ తేదీన రాసిన స్కోరు పంపాలన్నది మాత్రమే మిగులుతుంది. యేల్ మాత్రం కొంచెం వెసులుబాటు ఇస్తూ శాట్, ఏసీటీ, ఏపీ (సబ్జెక్టు పరీక్షలు, వీటి సంగతి కింద చెబుతాను), ఐబీ (అంతర్జాతీయ బోర్డు పరీక్షలు) నాలుగింటిలో ఏదో ఒకటి చాలు అంది. అయితే ఏపీ దారి ఎంచుకుంటే అప్పటివరకు రాసిన ఏపీ పరీక్షల ఫలితాలన్నీ చూపించాలి.

దీనికి పూర్తిగా ఎదురుగా కాలిఫోర్నియా ఉంది. బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియేగో సహా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం క్యాంపస్‌లేవీ ప్రవేశ నిర్ణయంలో శాట్ స్కోరును చూడవు. 1600 వచ్చినా చూడవు. శాన్ హోసే స్టేట్ ఉన్న కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయం) వ్యవస్థదీ ఇదే పద్ధతి. కాగితం మీద వీటి నిర్ణయం గడిలో అడ్డగీత గీసి ముందుకు వెళ్లండి. దరఖాస్తుతో పంపే వ్యాసంలో స్కోరును ఇరికించే ప్రయత్నం కూడా చేయకండి.

మిగిలినవాటిలో చాలావరకు ఐచ్ఛికం. తల నొప్పంతా ఇక్కడే.

ఈ నిబంధన మారుతూ ఉంటుంది. అందుకే నిరుడు చేరిన అక్క మాటో, అమెరికాలో ఉన్న బావ మాటో నమ్మి గడి నింపకండి. ఆ కాలేజీ ప్రవేశాల పేజీ తెరిచి, మీరు చేరబోయే సంవత్సరానికి ఏం రాశారో చూడండి. పదేళ్ల క్రితం అక్కడికి వెళ్లిన బంధువులు ఇప్పటికీ శాట్ సబ్జెక్ట్ టెస్టులు రాయమని సలహా ఇస్తుంటారు. ఆ పరీక్షలు 2021లోనే పోయాయి. అలాగే కొన్ని కాలేజీలు, ఉదాహరణకు జార్జ్‌టౌన్, రాసిన అన్ని తేదీల స్కోర్లూ పంపమని అడుగుతూ వచ్చాయి. అలాంటిది మీ జాబితాలో ఉంటే ఊరికే అలవాటు కోసం పరీక్ష రాసి రాకండి.

చేరినవారి స్కోర్లు ఎక్కడ దొరుకుతాయి

దీనికి అమీర్‌పేటలో ఎవరికీ ఫీజు కట్టనక్కరలేదు. అమెరికా కాలేజీల్లో చాలావరకు ఏటా "కామన్ డేటా సెట్" అనే పత్రాన్ని వెల్లడిస్తాయి. కాలేజీ పేరు పక్కన ఆ మాట కలిపి వెతికితే దొరుకుతుంది. అందులో సీ9 అనే భాగానికి వెళ్లండి. కొత్తగా చేరినవారిలో ఎంత శాతం మంది శాట్ పంపారో, పంపినవారి స్కోర్లలో 25వ, 75వ పర్సెంటైల్ ఎంతో అక్కడ ఉంటాయి. అంతకు ముందు సీ7లో మార్కులకు, వ్యాసానికి, పరీక్ష స్కోరుకు ఆ కాలేజీ ఎంతెంత విలువ ఇస్తుందో పట్టికగా ఉంటుంది.

సీ9లో 1320, 1480 అని ఉందనుకోండి. స్కోరు పంపి చేరినవారిలో పావు వంతు మందికి 1320 లేదా అంతకంటే తక్కువ, మరో పావు వంతుకు 1480 లేదా అంతకంటే ఎక్కువ వచ్చినట్టు. సగం మంది ఈ రెండు అంకెల మధ్య ఉన్నారు.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. ఐచ్ఛికం అన్నచోట మంచి స్కోరు వచ్చినవారే పంపుతారు కాబట్టి ఈ అంకెలు కాలేజీ అసలు స్థాయి కంటే పైకి తేలి ఉంటాయి. చేరినవారిలో 30 శాతం మందే స్కోరు పంపారంటే మిగతా 70 శాతం అది లేకుండానే లోపలికి వెళ్లారన్నమాట. రెండో మెలిక మనకు ఎదురు తిరిగేది. ఆ అంకెలు కాలేజీ మొత్తానివి. కంప్యూటర్ సైన్స్ కోసం పోటీపడేవారి లెక్కల స్కోరు సాధారణంగా అంతకంటే పైనే ఉంటుంది.

నేను పాటించే కొలత చెబుతాను. మీ స్కోరు ఆ రెండు అంకెల మధ్యబిందువు దాటితే పంపండి, ఆలోచించకండి. 25వ పర్సెంటైల్‌కు బాగా తక్కువైతే ఆపేయండి. ఈ రెంటి మధ్యలో ఉంటే, మన రాష్ట్ర బోర్డు పిల్లల విషయంలో నేను పంపమనే చెబుతాను. చాలామంది సలహాదారులు ఇక్కడ నాతో ఏకీభవించరు. పది, ఇరవై పాయింట్ల తేడా మీద రాత్రంతా మథనపడకండి. అది ఒకటో రెండో ప్రశ్నల వ్యవహారం.

మన మెమో చెప్పలేనిది స్కోరు చెబుతుందా?

పంపమని ఎందుకు అంటున్నానో చెప్పాలి. ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు హైదరాబాద్‌లో ఏ పత్రిక తిరగేసినా తపాలా బిళ్లల్లా వరుసగా పిల్లల ఫొటోలు, ఒక్కొక్క ఫొటో కింద 470కి 467, 468 అనే అంకెలు కనిపిస్తాయి. మనకు అవి ఎంత గొప్పో తెలుసు, ఎంత మామూలో కూడా తెలుసు. అమెరికాలో దరఖాస్తు చదివే ఉద్యోగి ముందు మీ మెమోతో పాటు ఇదే నగరం నుంచి వచ్చిన మరికొన్ని మెమోలు ఉంటాయి. అన్నిట్లో 97, 98 శాతాలే. వాటిలో ఎవరు ఎవరో తేల్చుకోవడం కష్టం. మెమోలో ఇంగ్లీషుకు 98 వచ్చి ఉండవచ్చు. గైడులో ఎనిమిది వ్యాసాలు బట్టీపట్టినా 98 వస్తుందని నేను మీకు చెప్పనక్కరలేదు.

శాట్‌లో చదవడం, రాయడం భాగంలో (ఇదే ఇంగ్లీషు భాగం, రెండోది లెక్కలు, ఒక్కొక్కటి 800కి) మీకు 680 వచ్చిందనుకోండి. మెమో చెప్పలేని ఒక మాటను అది చెబుతుంది: ఈ విద్యార్థి తెలియని పేరాను చదివి అర్థం చేసుకోగలడు. ఐబీ లేదా కేంబ్రిడ్జి బోర్డు స్కూలు నుంచి వచ్చే గచ్చిబౌలి అబ్బాయికి ఈ సాక్ష్యం అంతగా అక్కరలేదు, అతని బోర్డు వాళ్లకు తెలుసు. మీకు అవసరం. లెక్క తిరగబడితే, అంటే లెక్కల్లో 780 వచ్చి ఇంగ్లీషులో 540 దగ్గర ఆగితే, మెమో దాచిన విషయాన్ని మీరే చేతికిచ్చినట్టు అవుతుంది. శాట్‌లో ఒక భాగాన్ని చూపించి మరో భాగాన్ని దాచడం కుదరదు. ఏ తేదీ స్కోరు పంపాలో ఎంచుకోవచ్చు గానీ, ఆ తేదీన రెండు భాగాలూ కలిసే వెళతాయి.

ఒక కాగితాన్ని దగ్గరగా చూద్దాం

నిరుడు మా వీధిలోని ఒక అమ్మాయి, వాళ్ల నాన్నగారు భోజనాల బల్ల దగ్గర ఇలాంటి కాగితంతో కూర్చున్నారు. ఆమెకు జూన్‌లో ఇంగ్లీషు 590, లెక్కలు 770, మొత్తం 1360. ఆగస్టులో ఇంగ్లీషు 640, లెక్కలు 750, మొత్తం 1390. రెండు తేదీల్లోని మెరుగైన భాగాలు కలిపితే 1410. ఇలా కలిపి చూసే పద్ధతిని సూపర్‌స్కోర్ అంటారు. అన్ని కాలేజీలూ ఇలా కలపవు కాబట్టి ఆ సంగతి నిబంధన గడిలోనే చిన్నగా రాసుకోవాలి.

జాబితాలో ఎనిమిది కాలేజీలున్నాయి. కాలిఫోర్నియావి రెండు, అడ్డగీత. స్కోరు తప్పనిసరి అన్న రాష్ట్ర విశ్వవిద్యాలయాలు రెండు. సూపర్‌స్కోర్ చూసేదానికి రెండు తేదీలూ, చూడనిదానికి ఆగస్టుది మాత్రమే. మిగిలిన నాలుగూ ఐచ్ఛికం. ఒకదాని అంకెలు 1190, 1380. అక్కడ చర్చే లేదు. రెండోదానివి 1320, 1480. మధ్యబిందువు 1400. ఈమె దాని మీదే ఉంది, పంపాలి.

మూడోదాని దగ్గర నాన్నగారు ఆగిపోయారు. అంకెలు 1350, 1500. "సగానికి కింద ఉంది కదండీ, వద్దు" అన్నారు. మధ్యబిందువు 1425, అమ్మాయిది 1410. స్కాలర్‌షిప్ గడి చూడమన్నాను. అక్కడ ప్రవేశానికి స్కోరు ఐచ్ఛికమే గానీ, ప్రతిభ ఆధారంగా ఇచ్చే స్కాలర్‌షిప్‌కు స్కోరు కావాలి. ఈ తిరకాసు చాలా చోట్ల ఉంటుంది. ప్రవేశాల పేజీ ఒక మాట చెబితే ఆర్థిక సహాయం పేజీ మరో మాట చెబుతుంది. రెండూ చదవాలి. పంపాలని రాశాం.

నాలుగోది ఆమె కలల కాలేజీ. అంకెలు 1460, 1550. లెక్కల్లో 770 అక్కడ కూడా నిలబడుతుంది, ఇంగ్లీషులో 640 నిలబడదు. అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. శాట్ వద్దనే రాశాం. అయితే ఆమె మొదటి సంవత్సరం అయ్యాక మే నెలలో ఏపీ ఫిజిక్స్ సీ మెకానిక్స్ రాసి 5 తెచ్చుకుంది. దాన్ని పంపాం. అది ఇంగ్లీషు ఊసెత్తదు, ఫిజిక్స్ గురించి మాత్రం గట్టిగా చెబుతుంది.

ఏపీ, ఏసీటీ సంగతి

ఏపీ అంటే ఇక్కడ ఆంధ్రప్రదేశ్ కాదు. శాట్ పెట్టే కాలేజ్ బోర్డే మే నెలలో నిర్వహించే సబ్జెక్టు పరీక్షలు. 1 నుంచి 5 వరకు స్కోరు ఉంటుంది. 5, 4 వస్తే చూపించండి. 3 వస్తే కాలేజీ స్థాయిని బట్టి ఆలోచించండి. 2, 1 వస్తే, నిబంధన బలవంతం చేయనంత వరకు, మౌనమే మేలు. మన ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్‌లో మెకానిక్స్ ఎలాగూ చదువుతారు. కలనం (కాల్క్యులస్) వాడుతూ లెక్కలు చేయడం అలవాటైతే మెకానిక్స్ పరీక్ష మీకు అందనిది కాదు. గుర్తుంచుకోవలసింది ఒకటే. రెండో సంవత్సరం మేలో రాస్తే దరఖాస్తుకు పనికిరాదు, అప్పటికి నిర్ణయాలు వచ్చేస్తాయి. మొదటి సంవత్సరం చివర రాయాలి, అందుకు చాలా నెలల ముందే కేంద్రంలో పేరు నమోదు చేసుకోవాలి.

ఏసీటీని కాలేజీలు శాట్‌తో సమానంగానే చూస్తాయి. రెండూ పంపనక్కరలేదు, మెరుగైనది ఒకటి చాలు. రెంటినీ పోల్చే అధికారిక పట్టిక ప్రకారం ఏసీటీ 31 దాదాపు శాట్ 1400కు, 34 దాదాపు 1500కు సమానం. 2025 మార్పుల తర్వాత ఏసీటీలో సైన్స్ భాగం ఐచ్ఛికమైంది. రెండింటికీ ఇంట్లో ఒక్కొక్క నమూనా పరీక్ష రాసి, ఏది నప్పిందో చూసుకుని, రెండోదాన్ని మరిచిపోండి. శాట్ ఇప్పుడు కంప్యూటర్ మీద 2 గంటల 14 నిమిషాల పరీక్ష. బ్లూబుక్ అనే యాప్‌లో పూర్తి నమూనా పరీక్షలు ఉచితంగా దొరుకుతాయి.

జేఈఈ మెయిన్ పర్సెంటైల్ మంచిదైతే దాన్ని బహుమతులు, గుర్తింపుల భాగంలో రాయండి. పది లక్షలకు పైగా రాసే పరీక్ష అని ఒక్క ముక్క చేర్చండి. శాట్ అడిగినచోట అది శాట్‌కు బదులు కాదు.

ఇంగ్లీషు పరీక్ష వేరే లెక్క

శాట్ ఐచ్ఛికం అంటే టోఫెల్ కూడా ఐచ్ఛికం అనుకుని మోసపోయినవాళ్లను చూశాను. రెండూ వేరు. మన దేశం నుంచి వచ్చేవారిని చాలా కాలేజీలు టోఫెల్, ఐఎల్ట్స్, డ్యులింగోల్లో ఏదో ఒకటి అడుగుతాయి. కొన్ని ఇంగ్లీషు మాధ్యమం అన్న ధ్రువపత్రంతో సరిపెట్టుకుంటాయి, కొన్ని శాట్ ఇంగ్లీషు భాగంలో ఫలానా స్కోరు దాటితే మినహాయిస్తాయి. అలాంటిచోట ఇందాకటి 680 రెండు పనులు చేస్తుంది. నిర్ణయం గడి నింపే ముందు ఇంగ్లీషు పరీక్ష గడి ఒకసారి చూడండి. 2026 జనవరి నుంచి టోఫెల్ స్కోరు 1 నుంచి 6 వరకు ఉండే కొత్త కొలతలో వస్తోంది. పాత పుస్తకాల్లోని 100, 105 లాంటి అంకెలతో దాన్ని కలిపి గందరగోళపడకండి.

తేదీలు

మన దేశంలో శాట్ ఆగస్టు నుంచి డిసెంబరు వరకు కొన్ని తేదీల్లోనూ, మళ్లీ మార్చి, మే, జూన్ నెలల్లోనూ ఉంటుంది. మార్చిలో ఇంటర్ పరీక్షలు ఉంటాయి కాబట్టి అటు చూడకండి. మొదటి సంవత్సరం అయ్యాక జూన్‌లో ఒకసారి, ఆగస్టులో రెండోసారి. అక్టోబరు అత్యవసరానికి. మూడుసార్లకు మించి రాస్తానంటే నేను ఒప్పుకోను. ముందస్తు దరఖాస్తులకు చాలా చోట్ల నవంబరు 1 గడువు, మామూలువాటికి జనవరి మొదట్లో. కాలిఫోర్నియావి దాదాపు నవంబరు నెలాఖరుకే ముగుస్తాయి. జనవరిలో జేఈఈ కూడా ఉంటుంది, కాగితం డిసెంబరు దాటనివ్వకండి.

పంపే రోజు

ఇక్కడ నేనే ఒక తప్పు చేశాను. మా అమ్మాయికి శాట్ నమోదు చేస్తుంటే నాలుగు కాలేజీలకు స్కోరు ఉచితంగా పంపవచ్చని కనిపించింది. ఉచితం అనగానే చేయి ఆగలేదు, నాలుగూ నింపేశాను. ఆ వెసులుబాటు పరీక్ష అయిన 9 రోజుల వరకే. స్కోరు వచ్చేది సుమారు రెండు వారాలకు. అంటే స్కోరు ఎంతో తెలియకుండానే పంపడం. అనుకున్నదాని కంటే తక్కువ వచ్చింది, అప్పటికే నాలుగు చోట్లకూ వెళ్లిపోయింది. ఐచ్ఛికం అన్న కాలేజీలు "నా స్కోరు చూడవద్దు" అన్న మాటను సాధారణంగా గౌరవిస్తాయి గానీ, నాకు మాత్రం నెల రోజులు నిద్ర సరిగా పట్టలేదు. శాట్ నమోదులో ఆ ఉచిత గడి ఖాళీగా వదిలేయండి. చాలా కాలేజీలు దరఖాస్తులో మీరే స్కోరు నింపితే చాలంటాయి, అధికారిక నివేదిక సీటు వచ్చి చేరేటప్పుడు అడుగుతాయి. అప్పుడు రెండూ సరిపోలాలి. కాస్త పెంచి రాసినా సీటు పోవచ్చు.

ఇంకొకటి పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఒక్కోసారి ఒక్క అక్షరమే ఉంటుంది. పాస్‌పోర్టులో అది విడిగా, పూర్తిగా ఉంటుంది. శాట్ ఒక పేరుతో, దరఖాస్తు మరో పేరుతో నింపితే స్కోరు మీ ఫైలులోకి చేరక ఎక్కడో తిరుగుతుంటుంది. పాస్‌పోర్టు ముందు పెట్టుకుని, అందులో ఎలా ఉంటే అలా, శాట్‌కూ, ఇంగ్లీషు పరీక్షకూ, దరఖాస్తుకూ ఒకే పేరు రాయండి. పాస్‌పోర్టు ఇంకా లేకపోతే శాట్ నమోదు కంటే ముందు దాని పని చూడండి.

ఏదైనా నిబంధన అర్థం కాకపోతే ఆ కాలేజీ ప్రవేశాల కార్యాలయానికి రెండు వాక్యాల మెయిల్ రాయండి, జవాబిస్తారు. అమెరికా విదేశాంగ శాఖ నడిపించే ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ సలహా కేంద్రం హైదరాబాద్‌లోనూ ఉంది. దానికి మిమ్మల్ని ఫలానా కాలేజీలో చేర్పిస్తే వచ్చే కమిషన్ ఏమీ లేదు. కన్సల్టెన్సీలో కూర్చున్న మనిషి "ఇంకోసారి శాట్ రాయించండి" అంటే, శాట్ కోచింగ్ కూడా వాళ్లదేనేమో బోర్డు చూడండి.

డిసెంబరు నెలాఖరుకు చివరి గడి నిండిపోతుంది. కాగితాన్ని ఫొటో తీసుకుని ఫైలులో పెట్టేయండి. రికార్డులు పూర్తిచేయండి, ప్రాక్టికల్స్ ఫిబ్రవరిలోనే మొదలవుతాయి.